ఐదో మాట, ఇత్తడి పాము

మణికట్టు కట్టు విప్పిన రోజున ఫిజియోథెరపీ అమ్మాయి నా కుడి అరచేతిలో పసుపుపచ్చ రబ్బరు బంతి ఒకటి పెట్టి, "రోజుకి మూడు పూటలా పిసకండి మేడమ్. ముఖ్యంగా బొటనవేలు పనిచెయ్యాలి" అంది. నేను నవ్వాను. బడి మెట్ల మీద జారిపడి, చెయ్యి విరగ్గొట్టుకుని, నెలన్నర మూలిగిన మనిషి బంతిని చూసి ఎందుకు నవ్వుతుందో ఆ అమ్మాయికి ఏం తెలుసు! ఒంగోలు ఆసుపత్రిలోని ఆ చల్లటి గదిలో, ఫినాయిలు వాసన మధ్య, నాకు ఉన్నట్టుండి ఎండుమిరపకాయల ఘాటు ముక్కుకి తగిలింది. ఇంటికి రాగానే మా ఆయన చేత అటక మీది రేకుపెట్టె దింపించాను. అందులో తెల్లచీర ముక్కలో చుట్టిన నాయనమ్మ బైబిలు ఉంది. దాని కింద, నా చిన్ననాటి ఊదారంగు స్వెట్టర్లో చుట్టి, చేతిలో పట్టుకుని ఆడే బూడిదరంగు వీడియో ఆటపెట్టె ఉంది. రెండింటినీ ఒకచోట దాచింది నాయనమ్మే. మా సంఘంలో ఎవరైనా చూస్తే ముక్కున వేలేసుకుంటారు. నాకు మాత్రం అవి విడివిడిగా కనిపించి ఉంటేనే ఆశ్చర్యంగా ఉండేది.

నాయనమ్మ పేరు సంతోషమ్మ. గుంటూరుకీ ఒంగోలుకీ నడుమ ఆ నల్లరేగడి పల్లెల్లో ఆమెను ఎరగని గడప లేదు. ఆమె బైబిలు స్త్రీ. అంటే, చేతిసంచిలో గ్రంథం పెట్టుకుని ఊరూరూ నడిచి, చదువు రాని ఆడవాళ్ల పక్కన కూర్చుని వాక్యం చదివి వినిపించే ఉద్యోగం. పత్తి తీసేవాళ్ల దగ్గర తానూ పత్తి తీస్తూ, మిరప కోసేవాళ్ల దగ్గర తానూ కోస్తూ చెప్పేది. "చేతులు ఊరుకుంటే చెవులు కూడా ఊరుకుంటాయే" అనేది. పొద్దున్నే నాలుగింటికి లేచి పొయ్యి రాజేసేది. పొగ సర్దుకున్నాక మమ్మల్నందరినీ లేపి, ప్రార్థన చేయించి, రెండు అధ్యాయాలు చదివేది. కొత్త సంవత్సరం మొదటి రోజున మొదటి పుస్తకంతో మొదలుపెట్టి వరుస తప్పకుండా చదవాలి. నచ్చిన చోటు ఏరుకుని చదివేవాళ్లంటే ఆమెకు గిట్టేది కాదు. "విస్తట్లో కూరలన్నీ తిని అన్నం వదిలేసినట్టు" అనేది. ఆమె దగ్గర ఎప్పుడూ మూడు వాసనలు కలిసి ఉండేవి: వక్క, నొప్పులకు రాసుకునే మందు, పాత పుస్తకం.

ఒక ఏడాది పత్తి తీతలు ముగిసే రోజుల్లో, చర్చి ఊడుస్తుండగా చీపురు ఆమె చేతిలోంచి జారింది. వంగి తీయబోతే చెయ్యి మాట వినలేదు. గుంటూరు ఆసుపత్రిలో పక్షవాతమన్నారు, తేలికపాటిదే అన్నారు. మాట వారానికి వచ్చింది. కాలు నెలకు వచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఎక్కడో దారి తప్పి ఉండిపోయింది. డాక్టరమ్మ గుడ్డ ఉండ పిసకమంది, కందిబద్దల్ని ఒక్కొక్కటిగా ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి వెయ్యమంది. నాయనమ్మ రెండు రోజులు చేసి విసుక్కుంది. "ఎవరికీ అక్కర్లేని పని చెయ్యి మాత్రం ఎందుకు చేస్తదే?" అని గిన్నెలు అవతలకి నెట్టేసింది.

ఆమె బెంగ అన్నం కలుపుకోలేకపోవడం గురించి కాదు. మా చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన జరుగుతుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు తలా ఒకటి తీసుకుని చెబుతారు. ఐదో మాట, దాహం మాట, ఇరవై ఏళ్లుగా నాయనమ్మది. ఆ రోజున ఆమె తెల్లవారి నుంచి గుక్కెడు నీళ్లు ముట్టేది కాదు. ఎండిన పెదవులతో పీఠం ఎక్కేది. మాట చెప్పేవారు పీఠం మీది పెద్ద గ్రంథంలో తమ వాక్యభాగాన్ని తామే తీసి చదవాలన్నది మా చర్చి పద్ధతి. ముందే తీసిపెట్టకూడదు, గుర్తుకి దారం పెట్టకూడదు, పక్కన నిలబడి ఇంకొకరు పేజీ తిప్పకూడదు. వెతుక్కోవడం కూడా ఆరాధనే అని పెద్దల మాట. ఎడమచేత్తో తిప్పొచ్చు కదా అని నేను అడిగాను. "ఎడంచేత్తో అన్నం పెడితే తింటావటే నువ్వు?" అంది నాయనమ్మ. గుడ్ ఫ్రైడే నాటికి ఆమె కుడిచెయ్యి ఆ పెద్ద గ్రంథంలో పేజీ తిప్పగలదా, లేదా? ఆ ఏడాది మా ఇంట్లో ప్రశ్న అదొక్కటే.

ఆటపెట్టె క్రిస్మసుకి వచ్చింది. ఏదో దేశం నుంచి సంఘం పిల్లలకని పార్సెళ్లు వచ్చేవి. చీట్లు వేసి పంచేవారు. నా చీటీకి ఉన్ని స్వెట్టరు తగిలింది. మా ఎండలకు స్వెట్టరేంటని అందరూ నవ్వారు. ఇంటికొచ్చి జేబులో చెయ్యి పెడితే గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే చిన్న అద్దం, ఎడమవైపు సిలువ ఆకారంలో ఒక మీట, కుడివైపు రెండు గుండ్రటి బొత్తాలు. నాయనమ్మ వెంటనే నన్ను పాస్టరుగారింటికి పంపింది. "జేబులో ఉన్నదాని సంగతి వాళ్లు చీట్లో రాయలేదుగా, అడిగిరా" అంది. పాస్టరు అయ్యగారు అటూ ఇటూ తిప్పి చూసి, "స్వెట్టరు నీదైతే జేబు కూడా నీదేనమ్మా ఎస్తేరూ" అని తిరిగి ఇచ్చేశారు.

అందులో ఉన్నది ఒకటే ఆట, అదీ ఇంగ్లీషులో. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని అర్థం చేసుకున్నాను. మనం ఊళ్లూ అడవులూ తిరుగుతూ వింత జంతువుల్ని పట్టి మచ్చిక చేసుకోవాలి. జట్టులో ఆరింటికే చోటు. ఎదురైన వాళ్ల జంతువులతో మనవాటిని పోరాడించి బలం పెంచుకోవాలి. చివరికి మంచుకొండ మీది కోటలో ముసలిరాజు ఒకడుంటాడు, వాణ్ణి ఓడించాలి. పోరాటమంతా వంతుల ప్రకారం సాగుతుంది. మనం బొత్తాం నొక్కితే మన జంతువు దెబ్బ వేస్తుంది, తర్వాత వాళ్లది వేస్తుంది. మనం నొక్కేదాకా ఎదుటివాడు కదలడు.

మా ఇంటి పక్కనే మిరపకాయల కళ్లం. సంక్రాంతి దాటాక కోతలు మొదలై, ఎర్రటి దుప్పటి పరిచినట్టు కాయలు వారాల తరబడి ఎండుతూ ఉండేవి. దారిన పోయేవాళ్లు తుమ్ముతూ పోయేవాళ్లు. మాకు తుమ్ములు కూడా వచ్చేవి కావు. బడి నుంచి రాగానే నేను అమ్మతో కలిసి తాలుకాయలు ఏరేదాన్ని. నాయనమ్మను నీడలో మంచం మీద కూర్చోబెట్టి, కోళ్లు రాకుండా కాపలా అని పేరు పెట్టాం. ఒకరోజు ఆట సగంలో ఉండగా అమ్మ పిలిచింది. నా చేతులు అప్పటికే కాయల్లో పడ్డాయి. ఆ చేతులతో ఆటపెట్టె ముట్టుకుంటే తర్వాత ఎప్పుడో దానికంటిన కారం కంట్లోకి పోతుంది, ఆ మంట మా పిల్లలందరికీ తెలిసిందే. "నాయనమ్మా, ఆ కుడివైపు బొత్తాం ఒక్కసారి నొక్కవా?" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదది. ఆమె ఒళ్లో పెట్టె పెట్టుకుని, కుడి బొటనవేలిని ఎడమచేత్తో తీసుకెళ్లి బొత్తాం మీద ఆనించింది. ఆరుసార్లు జారింది. ఏడోసారి చిన్న చప్పుడైంది. తెర మీద నా ఎద్దు ఎగిరి ఎవరినో కుమ్మింది.

"అయ్యో, పాపం!" అంది నాయనమ్మ. కాసేపాగి, "ఇప్పుడు ఎవరి వంతు?" అంది.

అట్లా మొదలైంది. మర్నాటికి కందిబద్దల గిన్నెలు వంటింట్లోకి వెళ్లిపోయాయి. జంతువులకు పేర్లు పెట్టే పని నాయనమ్మ తీసుకుంది. ఆదాముకి ఇచ్చిన మొదటి ఉద్యోగం అదేనని ఆమె వాదన. ఎద్దు సమ్సోను, చేప యోనా, గాయాలు మాన్పే కాకి ఏలీయా, మొండి గాడిద బిలాము. ఆమె చెబితే నేను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేదాన్ని. రెండు కట్టుబాట్లు కూడా పెట్టింది. ఆదివారం పెట్టె తెరవకూడదు. గెలుపు కోసం ప్రార్థన చెయ్యకూడదు. ఒకసారి నేను కళ్లు మూసుకుని గొణగడం చూసి, "ఏంటే అది? ఆకాశాన్ని భూమిని చేసినాయన్ని బొమ్మల కొట్లాటకి పిలుస్తావా? వేళ్ల కోసం చెయ్యి, వింటాడు" అని మొట్టికాయ వేసింది. ఎడమచేత్తోనే వేసింది. మొట్టికాయకి పట్టింపు లేదన్నమాట.

ఒకనాడు చిత్తడి నేలలో పాము దొరికింది. చిన్నది, పసుపురంగుది. నేను సంబరపడ్డాను. నాయనమ్మ ముఖం మాడిపోయింది. "వదిలెయ్ దాన్ని. ఏదెనులో చేసిన నిర్వాకం చాలదా?" అంది. "ఆట కదా నాయనమ్మా" అంటే, "హవ్వ కూడా అట్టాగే అనుకుంది" అంది. వదిలేశాను. అది మేం చేసిన తప్పని తెలియడానికి నెలన్నర పట్టింది. మరెవరూ ఆ తప్పు చేసి ఉండరు. మేం తప్ప ఆ ఆట ఆడిన వాళ్లెవరూ, వాక్యం అడ్డొచ్చి పామును వదిలేసి ఉండరనుకుంటాను.

కోటకు చేరడం కష్టం కాలేదు, రాజును దాటడమే అయ్యేపని కాలేదు. అతని దగ్గర మూడే జంతువులు: నిద్రపుచ్చే గుడ్లగూబ, నిప్పు కక్కే తోడేలు, రాతి తాబేలు. మొదట మేం సమ్సోనునే మేపి మేపి కొండంత చేశాం. ఒక్క దెబ్బకి ఒక్కొక్కటీ పోతుందని లెక్క. గుడ్లగూబ వచ్చి వాణ్ణి నిద్రపుచ్చింది. నిద్రలో ఉన్నవాణ్ణి తోడేలు చంపేసింది. "జుట్టు కత్తిరించేశారే వీణ్ణి" అని నిట్టూర్చింది నాయనమ్మ. ఒక్కడి బలాన్ని నమ్ముకోవడం అక్కడితో మానేశాం. ఆరింటినీ సమంగా పెంచాం. ఎవరిని ముందు పంపాలన్నది తర్వాతి చిక్కు. ఆమె మంచం మీద కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించి, "గాడిదని ముందు పెట్టు. దారిలో దూత నిలబడితే బిలాముకి కనపళ్లా, వాడి గాడిదకి కనపడింది. అది మాయకి లొంగే రకం కాదు" అంది. ఆటలో దాని గురించి ఉన్నది డిక్షనరీతో చదివితే నిజమే, ఆ గాడిదకి నిద్రమంత్రం పారదని ఇంగ్లీషులో రాసి ఉంది. గాడిద గుడ్లగూబను తన్నింది. నీళ్ల చేప నిప్పుల తోడేలును ఆర్పింది. అదంతా ఇప్పుడు చెబితే నవ్వులాటగా ఉంటుంది కానీ, ఆ మధ్యాహ్నాల్లో, ఎర్రటి కళ్లం మీంచి వేడి ఆవిరి వణుకుతూ లేస్తుంటే, తెర కనపడడానికి పెట్టెను ఎండకు వాల్చి పట్టుకుని, మేమిద్దరం ఏ కాలంలో ఉన్నామో మాకే తెలిసేది కాదు. కనాను దేశమూ, మా పొలాలూ, ఆ మంచుకొండా ఒకదాని పక్కన ఒకటి ఉన్నట్టుండేది.

తాబేలు దగ్గర మాత్రం ఆగిపోయాం. దెబ్బ కొడితే రాయి మీద గోరు గీసినట్టే. దాని ప్రాణం సగానికి వస్తే ఒక పండు తిని మళ్లీ నిండిపోయేది. అట్లాంటి పండ్లు నాలుగున్నాయి దానికి. రెండో పండు తినేలోపే మా జట్టంతా నేలకూలేది. ఎన్నిసార్లు పోయామో గుర్తులేదు. "వీడు గొల్యాతు కాదే అమ్మాయ్, గొల్యాతైతే ఒక్క రాయికే పోయాడుగా" అంది నాయనమ్మ. "వీడు ఫరో. ఎన్ని దెబ్బలు తిన్నా మనసు మెత్తబడదు."

ఒకసారి ఆ హడావుడిలోనే పాస్టరు అయ్యగారు వచ్చారు. కంచె అవతల ఆయన సైకిలు ఆగిన సంగతి మాకు తెలియదు. ఆయనకు వినపడిందల్లా, "సమ్సోను పడిపోయాడే! తొందరగా ఏలీయాని పంపు! ఏలీయా, లేపు నాయనా!" అన్న నాయనమ్మ కేకలు. ముసలామెకు దర్శనం వచ్చిందనుకుని చెప్పులు విడిచి లోపలికొచ్చారు. మంచం మీద పెట్టెను చూశారు.

"సంతోషమ్మగారూ, ఏంటమ్మా ఇది? ఈ మృగాలేంటి?"

"మందండీ అయ్యగారూ. వేళ్లకి."

"ఇంత గోలగా ఉంటుందా మందు?"

"చేదుగా ఉంటే మూల పారేశానండీ. ఇదైతే పొద్దుగూకులూ వేసుకుంటన్నా."

ఆయన నవ్వు ఆపుకుని, మంచం పట్టె మీద కూర్చున్నారు. అసలు వచ్చిన పని చెప్పారు. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు ఏడు మాటల వాళ్ల పేర్లు చదవాలి. అంతకు ముందురోజు సాయంత్రం వస్తానన్నారు. "పీఠం మీది గ్రంథం తెస్తాను. మీరు పేజీ తిప్పితే ఐదో మాట మీదే. లేకపోతే మార్తమ్మగారికి ఇస్తాను. నొచ్చుకోకండి, పద్ధతి మీకు తెలియనిది కాదు" అన్నారు. నాయనమ్మ తలూపింది. ఆయన వెళ్లాక కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, తప్పిపోయి వచ్చిన పిల్లను చూసినట్టు చూస్తూ కూర్చుంది.

మార్తమ్మ రిటైరైన టీచరు, నాయనమ్మకు వరసకు ఆడపడుచు. ఐదో మాట మీద ఆమెకు పాతికేళ్ల ఆశ. మర్నాడే పరామర్శకి వచ్చింది, చక్కెరకేళీలు పట్టుకుని. "ఇరవై ఏళ్లు నీకే దాహమేసింది వదినా. ఈసారి నన్ను వెయ్యనీ" అంది. నాయనమ్మ తడుముకోలేదు. "నీకు దాహమెక్కడిది మార్తా, గంటకో టీ తాగుతావుగా!" ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. వెళ్తూ వెళ్తూ మార్తమ్మ నాయనమ్మ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలూ మెల్లగా లాగి వెళ్లిపోయింది.

గుడ్ ఫ్రైడేకి ముందు నలభై రోజుల శ్రమకాలం వచ్చింది. తెల్లవారుజాము చదువు వరుసలో నడుస్తోంది. పేజీలు తిప్పలేకపోతోంది కనుక నాయనమ్మ బదులు నేను చదివేదాన్ని. నిర్గమం దాటి, బలుల లెక్కలన్నీ దాటి, సంఖ్యాకాండంలోకి వచ్చాం. ఎడారిలో జనం సణిగినప్పుడు పాములు వచ్చి కరవడం, మోషే ఇత్తడితో పాము చేయించి స్తంభం మీద ఎత్తితే దాన్ని చూసినవాళ్లు బతకడం, అక్కడికి వచ్చేసరికి "ఆగు" అంది నాయనమ్మ. పొయ్యిలో పుల్ల చిటపటలాడింది. అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని ఎదురుచూస్తోంది. నాయనమ్మ పెదవులు కదులుతున్నాయి. తనను సిలువ మీదికి ఎత్తడం గురించి చెప్పుకోవడానికి ప్రభువు ఆ పామునే ఎంచుకున్నాడని ఆమె కొన్ని వందల గడపల్లో చెప్పి ఉంటుంది. నలభై ఏళ్లు చెప్పిన సంగతి ఆ క్షణాన ఆమెకే మొదటిసారి వినిపించినట్టుంది.

ఆమేన్ అన్నాక నావైపు తిరిగింది. "అమ్మాయ్, ఆ పాము ఇంకోటి దొరుకుతదంటావా?"

దొరికింది. అదే చిత్తడి నేలలో, మూడు రోజుల తర్వాత. ఆమె దానికి ఇత్తడి అని పేరు పెట్టింది. పిల్లపాము కనుక మొదటినుంచీ పెంచాలి. దాని కాటుతో ఎదుటిదానికి విషం ఎక్కుతుంది. వంతు వంతుకీ కొంచెం కొంచెం ప్రాణం తీస్తూనే ఉంటుంది. పండు తింటే గాయం మానుతుంది కానీ విషం దిగదు. కాటు వేశాక పాము చుట్టచుట్టుకుని పడుకుంటే చాలు. అది మేం అంతకు ముందెన్నడూ ఆలోచించని యుద్ధం. కొట్టడం కాదు, పడి ఉండడం. నాయనమ్మ ఉపాయం అర్థమవగానే సంతోషించలేదు, నిదానించింది. "ఇది పెద్దవాళ్లు చేసే యుద్ధమే" అంది.

సెల్స్ అయిపోతుండేవి. ఊళ్లో అందరూ చేసినట్టే వాటిని తీసి ఎండలో పెడితే ఇంకో గంట నడిచేవి. మేం కళ్లంలో మిరపకాయల మధ్యే పెట్టేవాళ్లం. ఎర్రటి కాయల నడుమ నాలుగు సెల్స్ వరసగా పడుకుని ఉండడం, వాటిని తీసేటప్పుడు వేలికి తగిలే వెచ్చదనం నాకు ఇప్పటికీ స్పర్శలో ఉంది. ఒకరోజు కాయలు తిరగేసే వాళ్లు తెలియక వాటినీ తిరగేశారు. ఆ పూటంతా వెతుక్కున్నాం.

మట్టల ఆదివారానికి ముందు శనివారం. సాయంత్రం అయ్యగారు వస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, కోట తలుపు దగ్గర మేం నిలబడ్డ చోట ఆటను భద్రపరచమంది నాయనమ్మ. భద్రపరిచాను. లోపలికి వెళ్లాం. గాడిద గుడ్లగూబను తన్ని తానూ పడిపోయింది. యోనా తోడేలును ఆర్పి కాసేపటికి తానూ మునిగింది. తాబేలు వచ్చింది. సమ్సోను, మిగిలిన ఇంకొకడూ ఒక్కో దెబ్బా కాచుకుని ఒరిగిపోయారు. ఏలీయా ఇత్తడి ఒళ్లంతా మాన్పి తాను కూలింది. మిగిలింది ఇత్తడి ఒక్కటే. కరిచింది. చుట్టచుట్టుకుంది. ఇక నాయనమ్మ చేయాల్సింది వంతు వచ్చినప్పుడల్లా కుడి బొటనవేలితో అదే బొత్తాం నొక్కడం.

మొదటి పండు. రెండో పండు. ఆమె బొటనవేలు వణకడం మొదలైంది. మూడో పండు తినేటప్పటికి వేలు కొంకర్లు పోయి, బొత్తాం మీంచి పక్కకి పడిపోతోంది. ఆమె ఎడమచేత్తో దాన్ని తీసుకొచ్చి మళ్లీ ఆనించేది, నొక్కడం మాత్రం దానితోనే. పెట్టె మీది చిన్న ఎర్రదీపం మసకబారుతోంది. నాకు ఏడుపొచ్చింది.

"సెల్స్ అయిపోతన్నయి నాయనమ్మా. నేను నొక్కనా?"

"ముట్టుకోకు."

"నొప్పి పుడతందిగా!"

"పుట్టనీ. నొప్పి తెలిసిందంటే వేలు ఇంటికొచ్చినట్టే." కళ్ల నీళ్లు ధారగా కారుతున్నా నవ్వింది. "ఆ రాజుని చూడు, ఎంత మర్యాదస్తుడో. ముసలిదాని వంతు అయ్యేదాకా కదలకుండా ఆగుతన్నాడు."

నాలుగో పండు. ఆ తర్వాత ఎన్ని వంతులో. ఇత్తడి ప్రాణం గీతంత మిగిలింది. ఆమె ఊపిరి బిగబట్టి నొక్కింది. విషం పనిచేసింది. రాతి తాబేలు మెల్లగా, నీళ్లలో రాయి దిగినట్టు, తెర కిందికి దిగిపోయింది. రాజు తలవంచాడు. ఏదో చెప్పబోతూ ఒక్క మాట పడింది, అంతలో తెర తెల్లబడి, దీపం ఆరిపోయింది.

నేను గట్టిగా ఏడ్చేశాను. "రాసుకోలేదు నాయనమ్మా! గెలిచినట్టు దాంట్లో రాసుకోలేదు! మళ్లీ తలుపు దగ్గరికే పోద్ది!"

"పోతే పోనీవే. మనం చూశాంగా. ఇద్దరి సాక్ష్యం ఉంటే ఏ మాటైనా నిలబడుద్దని రాసుంది." ఆమె పెట్టెను పక్కన పెట్టి, చెమటకు తడిసిన కుడిచేతిని చీర చెంగుకి తుడుచుకుంది. అయ్యగారి సైకిలు గంట వినపడింది.

ఆ సాయంత్రం ఆమె మంచం మీదే పేజీ తిప్పింది, ఒకసారి. అయ్యగారు పేరు రాసుకున్నారు. మంచం మీద తిప్పడం వేరు, గుడ్ ఫ్రైడే నాడు సంఘమంతటి ముందు, తెల్లవారి నుంచి నీళ్లు ముట్టని ఒంటితో, నిలబడి తిప్పడం వేరు. ఆ రోజూ వచ్చింది. నాలుగో మాట అయింది. నాయనమ్మ నా భుజం పట్టుకుని మెట్టు దాకా వచ్చి, అక్కడ నన్ను వదిలేసి ఎక్కింది. గ్రంథం వాక్యభాగానికి ఒక్క పేజీ ఇవతల తెరుచుకుంది. ఆ ఒక్క పేజీ తిప్పాలి. బొటనవేలు పేజీ మూల మీద పెట్టింది. జారింది. మళ్లీ పెట్టింది. చర్చి నిండా జనం, ఫ్యాన్లు లేవు, అట్టముక్కలతో విసురుకునే చప్పుడు కూడా ఒక్కొక్కటిగా ఆగిపోయింది. ముందు వరసలో మార్తమ్మ సగం లేచింది. లేచి, నాయనమ్మ ముఖం చూసి, మళ్లీ కూర్చుంది. ఆమె చేతులు మాత్రం ఒళ్లో ముడుచుకుపోయి తెల్లబడ్డాయి. ఎవరూ కదల్లేదు. ఎంతసేపని చెప్పను? ఆ మధ్యాహ్నం నా జీవితంలో ఇంకా పూర్తిగా అయిపోలేదు. తర్వాత ఆ పెద్ద కాగితం లేచి, గాలిలో ఒక్క క్షణం నిలబడి, అవతలికి వాలింది. ఆ చప్పుడు చివరి బల్ల దాకా వినపడింది. మార్తమ్మ "స్తోత్రం" అని అరిచిన అరుపు వీధి దాకా వినపడిందట.

ఆ తర్వాత నాయనమ్మ ఇంకో నాలుగు గుడ్ ఫ్రైడేలు ఐదో మాట చెప్పింది. అయిదో ఏట మార్తమ్మ చెప్పింది, నాయనమ్మ కోసం ఏడుస్తూ. ఆటపెట్టెను మేం మళ్లీ తెరవలేదు. సెల్స్ కొనడం కష్టమయ్యి కాదు. చెయ్యి వచ్చేసింది, ఆమెకు చదవాల్సిన గడపలు చాలా ఉన్నాయి. గాడిద నోట మాట పలికించిన దేవుడు పిల్లల బొమ్మపెట్టెతో వేళ్లు కదిలించాడంటే నేనైతే ఆశ్చర్యపోను. ఎవరైనా నవ్వితే నవ్వనిస్తాను.

ఇప్పుడు మా చర్చిలో వాక్యం ప్రొజెక్టరుతో గోడ మీద పడుతుంది. ఏడు మాటల వాళ్లు ఎవరూ పేజీ తిప్పక్కర్లేదు, తలెత్తి చదివితే చాలు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. అయిపోవస్తుంటే కింద ఒకతను చెయ్యి ఊపుతాడు. దానివల్ల వాక్యం తక్కువైందని నేననను, వెనక బల్లల్లో ఉన్న చూపు ఆనని ముసలివాళ్లకి పెద్ద అక్షరాలు మేలే చేశాయి. కానీ ఎవరి కోసమూ ఎవరూ ఆగే పని మాత్రం లేకుండా పోయింది. నా దగ్గర చదువుకునే పిల్లలు ఫోన్లలో మృగాల ఆటలు ఆడతారు. ఒకడి భుజం మీంచి తొంగి చూశాను. మూలన అంకెలు వెనక్కి పరుగెడుతున్నాయి. నొక్కడం ఆలస్యమైతే వంతు పోతుందట.

నిన్న సెల్స్ కొనుక్కొచ్చి ఆ బూడిదరంగు పెట్టెలో వేశాను. మా ఆయన "ఇన్నేళ్ల తర్వాత ఎక్కడ పనిచేస్తుందే" అన్నారు. ఎర్రదీపం వెలిగింది. ఎండకు వాల్చి చూశాను. మంచుకొండ, కోట తలుపు, దాని ముందు మేం. జట్టు తెరిస్తే ఆరుగురూ ఉన్నారు. ఆరో వరసలో ఇత్తడి, ప్రాణం నిండుగా. తలుపు తీసి లోపలికి వెళ్లాను. ముసలిరాజు అక్కడే ఉన్నాడు, కొత్తగా, ఏమీ జరగనట్టు. గాడిదను ముందు పెట్టి, కుడి బొటనవేలు బొత్తాం మీద ఆనించి నొక్కబోయాను. మణికట్టు దాకా నొప్పి పాకింది. ఆగాను. రాజూ ఆగాడు.